వాక్యాలన్నీ వచ్చు, నీళ్లడగడం రాదు

మా మనవడి జబ్బును అందరికంటే ముందు కనిపెట్టింది నేను. డాక్టర్లు ఆ తరువాతే. ఈ ముక్క మొదట్లోనే ఎందుకు రాస్తున్నానంటే, మా ఇంట్లో దీన్ని ఒప్పుకునేవాళ్లు లేరు. అచ్చులో పడ్డాక ఎవరూ ఏమీ చేయలేరు.

ఎనభైల చివర సంగతి. బాపట్లలో మా సండే స్కూలు పిల్లలను ఏటా ఈస్టరు దాటాక ఒకరోజు సూర్యలంక తీసుకెళ్తాం. ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరుగా రిటైరయ్యాక ఆ సండే స్కూలు నా చేతికొచ్చింది. మనవడు బెన్నీకి అప్పుడు మూడో ఏడు. ఒడ్డున జాలర్లు వల లాగుతున్నారు. పిల్లలంతా "తాతయ్యా, అదుగో చేప! చూడు, చూడు!" అని వేలు చూపిస్తూ నా పంచె పట్టుకు లాగుతున్నారు. వల కంటే ముందు నా పంచె ఒడ్డుకు చేరేలా ఉంది. బెన్నీ మాత్రం టిఫిన్ డబ్బా మూత ఒకటి దొరికించుకుని, దాన్ని తడి ఇసుక మీద బొంగరంలా తిప్పుకుంటూ కూర్చున్నాడు. పిలిచాను, తిరగలేదు. వలలోంచి జారిన చేప ఒకటి వాడి పక్కనే కొట్టుకుంటోంది. దానివైపూ చూడలేదు. అప్పుడే మా ఆవిడతో అన్నాను: "సుగుణా, వీడిలో ఏదో తేడా ఉంది. డాక్టరుకు చూపించాలి."

అలా అన్నానని రాసుకుంటే చూడ్డానికి బాగుంది. కాసేపు అలాగే ఉండనివ్వండి.

మాకు ఏ జబ్బు చేసినా తెనాలే. పిలిస్తే తిరగడం లేదు కదా, ముందు చెవులు చూపిద్దామని రైలెక్కాం. అక్కడ చెవి డాక్టరు గారు వాడి వెనకాల నిలబడి గంట వాయించారు, చప్పట్లు కొట్టారు. వాడు కదల్లేదు. మా కోడలు గ్రేసు సంచీలో బిస్కెట్ల కాగితం గరగరలాడింది. ఠక్కున తిరిగాడు.

"హియరింగ్ నార్మల్ అండి మాస్టారూ. మగపిల్లలకు మాటలు కాస్త లేటు. కంగారు పడకండి" అన్నారు.

"లేటేంటండీ! మావాడికి వచ్చినన్ని మాటలు మీ కాంపౌండరుకు కూడా రావు" అన్నాను. వాడి భుజం తట్టి మొదటి మాట అందించాను. వాడు సీలింగు ఫ్యాను వైపు చూస్తూ, ఒక కంఠత వాక్యం మొదలుపెట్టి, అధ్యాయం సంఖ్యతో సహా తప్పులేకుండా ముగించాడు. డాక్టరు గారు నిజంగానే కాంపౌండరును పిలిచి, మళ్లీ చెప్పించుకున్నారు.

కంఠత వాక్యమంటే తెలియనివారికి చెప్తాను. మా సంఘాల్లో ప్రతి ఆదివారం పిల్లలు బైబిలు వచనమొకటి బట్టీపట్టి వచ్చి, అందరి ముందు నిలబడి అప్పగించాలి. క్రిస్మస్ కార్యక్రమంలో ఎక్కువ వాక్యాలు చెప్పినవాళ్లకు బహుమతి. బెన్నీకి ఒకటి రెండుసార్లు వినిపిస్తే చాలు, నా దగ్గు కూడా కలిపి అప్పగించేసేవాడు. ఆ క్రిస్మస్‌కు వాడిని స్టూలు మీద నిలబెట్టాను. వరసగా చెప్పుకుపోయాడు. చప్పట్లు ఆగలేదు. పాస్టరు గారు వాడి తల మీద చెయ్యి వేసి స్టీలు సోపు పెట్టె ఇచ్చారు. వాడు సోపు పెట్టె కింద వదిలేసి, దాని మూత ఒక్కటే పట్టుకుని దిగాడు. జనం నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను.

గ్రేసు నవ్వలేదు. ఇంటికొచ్చాక అంది: "మామయ్యగారూ, వాడికి దాహమేస్తే చెప్పడు. నా చెయ్యి పట్టి కుండ దగ్గరకు లాక్కెళ్తాడు. నా మొహం చూడడు. ఇన్ని మాటలొచ్చినవాడు 'నీళ్లు' అనలేడా?"

"అనాల్సిన అవసరమేంటమ్మా? మీ అత్తయ్య అడక్కముందే నోట్లో పోస్తుందిగా" అన్నాను.

ఇది మాత్రం అబద్ధం కాదు. మా సుగుణమ్మ దృష్టిలో పిల్లవాడు నోరు తెరిచి అన్నం అడగడమంటే ఇంటికి పరువు తక్కువ. అడగకముందే కంచం రావాలి.

ఆ తరువాతి వానాకాలంలో ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక బెన్నీ ఏడుస్తూ వాక్యాలు చెప్పడం మొదలుపెట్టాడు. ఒకదాని తరువాత ఒకటి. గోడకు తల కొట్టుకుంటాడు, మళ్లీ చెప్తాడు. ఒళ్లు కాలిపోతోంది. గ్రేసు వాడి నోరు చూసింది, పొట్ట నొక్కి చూసింది. "ఎక్కడ నాన్నా, ఎక్కడ నొప్పి?" అని వంద రకాలుగా అడిగింది. వాడు "ఎక్కడ నొప్పి" అని తిరిగి అని, ఇంకో వాక్యం అందుకున్నాడు.

నేనేమన్నానో తెలుసా? వరండాలోకి వచ్చిన పక్కింటివాళ్లతో, "చూశారా, ఇంత జ్వరంలో కూడా పసివాడు ప్రార్థన విడవలేదు" అన్నాను. కళ్లు కూడా తుడుచుకున్నాను.

మర్నాడు ఉదయం దిండు మీద చీము కనిపించింది. కుడి చెవిలోంచి. పరుగున తెనాలి వెళ్లాం. ఈసారి పిల్లల డాక్టరు దగ్గరకు. ఆయన లైటు వేసి చూసి, "ఇన్ఫెక్షన్ కొన్నాళ్లుగా ఉందండి. ఇయర్ డ్రమ్ దాకా వచ్చింది. బాబు చెప్పలేదా?" అన్నారు.

గ్రేసు నావైపు తిరిగి, గొంతు పెంచకుండానే అంది: "అన్ని వాక్యాలు నేర్పారు. నొప్పి అనే మాట ఒక్కటి నేర్పలేదు మామయ్యగారూ."

నేను జీవితంలో చాలామంది పిల్లలను బెంచీ ఎక్కించాను. ఆరోజు నన్ను ఎక్కించారు.

డాక్టరు గారు యాంటీబయాటిక్ రాసి, వాడిని చాలాసేపు గమనించారు. వాడు మందు సీసా మూత తీసి బల్ల మీద తిప్పుకుంటున్నాడు. "చెవి తగ్గిపోతుంది. కానీ స్పీచ్ అసెస్‌మెంట్ ఒకటి చేయించండి. మైసూరులో చదువుకున్న అమ్మాయి నెలకో శనివారం గుంటూరు నుంచి వచ్చి మా మేడ మీద చూస్తుంది" అన్నారు.

ఆ అమ్మాయి పేరు శారద. కబురు చేస్తే ఒక కోరిక కోరింది. మీ ఇంట్లో ఇదే వయసు పిల్లలుంటే వాళ్లను కూడా తీసుకురండి, ఇద్దరినీ పక్కపక్కన చూస్తే మీకే తెలుస్తుంది అని. రేపల్లెలో మా అమ్మాయి కూతురు సలోమి ఉంది. బెన్నీ కంటే నెల చిన్నది. దాన్ని తీసుకురావడానికి రేపల్లె నేనే వెళ్లాను. ఎందుకు అంత ఉత్సాహమంటే, నా లోపలి అనుమానం బెన్నీ మీద కాదు, దాని మీద. దానికి నాలుగు మాటలు కూడా సరిగ్గా రావు. బిస్కెట్టును 'బిచ్చి' అంటుంది. ఒక్క వాక్యం నేర్పుదామంటే మధ్యలో లేచి కోడిపిల్ల వెనక పోతుంది. పరీక్షంటూ జరిగితే జబ్బెవరిదో తేలుతుందని, రైల్లో దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని జాలిపడ్డాను కూడా. అది జంపని దాటేదాకా కిటికీలోంచి కనపడిన ప్రతి గేదెనూ నాకు చూపించి, నేను చూశానో లేదో అని నా గెడ్డం పట్టుకుని అటు తిప్పింది. ఆ గెడ్డం తిప్పడంలోనే పరీక్ష అయిపోయిందని నాకు తెలియదు.

మేడ మీద గదిలో ఒక చాప, ఒక సంచీ. మిషనేమీ లేదు. శారద గారు చూస్తే డిగ్రీ చదివే పిల్లలా ఉంది. ముందు మమ్మల్ని కూర్చోబెట్టి కేస్ హిస్టరీ అడిగింది. "మొదట ఎప్పుడు అనుమానమొచ్చింది? ఎవరికి?"

నేను గొంతు సవరించుకుని, "సూర్యలంకలోనమ్మా. నేనే…" అని మొదలుపెట్టాను. గ్రేసు నావైపు చూసింది. ఆ చూపు ఇప్పుడు కూడా వరండాలోంచి నా కాగితం మీద పడుతోంది కాబట్టి చెప్పేస్తున్నాను. సూర్యలంకలో 'వీడిలో ఏదో తేడా ఉంది' అన్నది గ్రేసు. నేనన్నది వేరు. "వాడు ఆలోచనాపరుడమ్మా, నా పోలిక. చేప కనపడగానే ఎగరడానికి వాడేమన్నా కొంగా?" అన్నాను. చెవి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లింది కూడా ఆవిడే. నేను టిక్కెట్లు తీశాను.

సరే, పరీక్ష. శారద గారు మాతో అంది: "ఈ వయసులో నేను ఎన్ని మాటలొచ్చని చూడనండి. మాట ఎందుకు వాడుతున్నారో చూస్తాను. అడగడానికా, వద్దనడానికా, ఎదుటివాళ్లకు చూపించడానికా అని. మీరు మాత్రం సాయం చేయకూడదు. సైగ కూడా వద్దు."

సంచీలోంచి హార్లిక్స్ సీసా తీసింది. లోపల బిస్కెట్లు. మూత పిల్లల చేతికి రానంత గట్టిగా బిగించి, సలోమి ముందు పెట్టి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. సలోమి మూత తిప్పింది. రాలేదు. సీసా ఎత్తి శారద గారి ఒళ్లో పెట్టి, ఆవిడ కళ్లలోకి చూసి, "బిచ్చి. తీ" అంది. ఆవిడ కదల్లేదు. ఇది సీసా చూపించింది, ఆవిడను చూసింది, మళ్లీ సీసా, మళ్లీ ఆవిడ. చివరికి 'ఈవిడకు చేతకాదు' అని నిర్ణయించుకుని సీసాను నా దగ్గరకు మోసుకొచ్చింది. ఈలోగా గోడ మీద బల్లి కనపడింది. "బయ్యి! బయ్యి!" అని వేలు చూపించి, గదిలో ఉన్న ప్రతి మనిషీ తలెత్తి బల్లిని చూసేదాకా వదల్లేదు. శారద గారు నవ్వుతూ, "ఈ అమ్మాయికి మాటలు తక్కువ, చెప్పాల్సినవి ఎక్కువ. కాస్త లేటైనా అవే వస్తాయి, దిగులు లేదు" అంది.

బెన్నీ వంతు వచ్చింది. సీసా చూడగానే వచ్చాడు. మూత మీద వేళ్లు ఆడించాడు. తరువాత శారద గారి మణికట్టు పట్టుకుని, ఆ చేతిని తెచ్చి మూత మీద పెట్టాడు. మనిషిని చూడలేదు. అదేదో గూట్లోంచి తెచ్చిన పనిముట్టు అన్నట్టు ఆ చేతిని నొక్కాడు. ఆవిడ ఆగింది. వాడు ఇంకా గట్టిగా నొక్కాడు. మొహం ఎర్రబడింది. ఏడవబోతున్నాడు.

నా వల్ల కాలేదు. లేచివెళ్లి మూత తీసి, బిస్కెట్టు వాడి చేతిలో పెట్టాను.

"మాస్టారూ, పరీక్ష రాసేది మీరా, మనవడా?" అంది శారద గారు.

గ్రేసు పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు పౌరుషమొచ్చింది. "మూతలూ సీసాలూ కాదమ్మా, వాడి అసలు తెలివి చూడండి" అని మొదటి మాట అందించాను. బెన్నీ ఫ్యాను వైపు చూస్తూ మొత్తం అప్పగించాడు. ఆవిడ చివరిదాకా శ్రద్ధగా విని, గ్లాసుతో నీళ్లు చూపించి, "బెన్నీ, నీళ్లు కావాలా?" అంది.

"నీళ్లు కావాలా" అన్నాడు వాడు. అదే గొంతుతో, అదే రాగంతో.

"దీన్ని ఎకోలాలియా అంటాం. ఇది ఆటిజం అండి" అంది. ఆ మాట మేం వినడం అదే మొదటిసారి. "మతి తక్కువ కాదు, మీ పెంపకంలో లోపం కాదు. జ్ఞాపకంలో మాటలున్నాయి. ఆ మాటను ఎదుటి మనిషికి అందివ్వాలని ఇంకా తెలియలేదు. కానీ నా చెయ్యి పట్టుకున్నాడు చూశారా? అది చెప్పడమే. అక్కణ్నుంచి మొదలుపెడదాం."

"మందు?"

"మందు లేదు. ఆగడమే. వాడికి కావలసింది కనపడాలి, అందకూడదు. మీరు ఎదురుగా కూర్చుని ఆగండి. మీ చెయ్యి పట్టుకుంటే, కదలకుండా మీ మొహం వాడి కళ్లకు ఎదురుగా పెట్టండి. 'తియ్యి' అని ఒక్కమాట అనండి. మళ్లీ ఆగండి. వాడు ఏ చిన్న శబ్దం చేసినా వెంటనే తీసెయ్యండి."

ఇంటికొచ్చి ఒక హార్లిక్స్ సీసా ఖాళీ చేశాం. అప్పుడు తెలిసింది, మా ఇంట్లో ఆగడమనేది ఎవరికీ చేతకాదని. సుగుణమ్మ యుద్ధం ప్రకటించింది. "బిడ్డను ఏడిపించి అడిగించుకుని పెట్టడమేంటండీ? మనమేమన్నా రేషను షాపు నడుపుతున్నామా?" అంది. అందరి ముందూ మూత బిగించి, ఎవరూ చూడనప్పుడు వదులు చేసేది. బెన్నీ గట్టివాడు, రెండో వారానికే సీసా పట్టుకుని తిన్నగా వంటింట్లోకి పోవడం నేర్చుకున్నాడు. ఒకరోజు నేను తలుపు చాటున నిలబడి, "సుగుణా, పేపరు లీకు చేస్తున్నావు" అన్నాను. ఆవిడ గరిటె చూపించింది.

వెనక్కి పడ్డ రోజులున్నాయి. విసురుగా సీసా పగలగొట్టి పాదం కోసుకున్నాడు. తుఫానుకు రైళ్లు ఆగి శారద గారు రాని నెలలో, అంతకుముందు నేర్చిన కళ్లలోకి చూడడం కూడా పోయింది. స్కూల్లో చేర్చుకోమని వెళ్తే, "కుదురుగా కూర్చోవడం వచ్చాక తీసుకురండి మాస్టారూ" అన్నారు, నా దగ్గర చదువుకున్నవాళ్లే. అన్నిటికంటే నాకు తగిలిన దెబ్బ మాత్రం ఆ క్రిస్మస్‌కు. స్టూలు మీద నిలబడి బెన్నీ చెవులు మూసుకున్నాడు. నేను కింద నుంచి మొదటి మాట అందించాను, రెండోది అందించాను. ఒక్క ముక్క రాలేదు. వాక్యాలన్నీ పోయాయి. "మైసూరు చదువు మాస్టారి మనవణ్ని చెడగొట్టింది" అని వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు.

తెనాలి ఒక్కడినే వెళ్లాను, పోట్లాడడానికి. నా ఉపన్యాసమంతా విని శారద గారు ఒక్కటే అడిగింది: "వాక్యాలు చెప్పేటప్పుడు వాడు ఎవరి వైపు చూసేవాడు మాస్టారూ?"

ఫ్యాను వైపు. రైల్లో తిరుగుదారంతా ఆ ఫ్యాను నా నెత్తి మీద తిరిగింది. బాపట్లలో దిగి ఇంటికెళ్లి, సీసా మూత నేనే బిగించాను. ఈసారి నిజంగా.

ఆ ఎండాకాలంలో జరిగింది అది. నేను వరండాలో పడక్కుర్చీలో ఉన్నాను. బెన్నీ సీసా తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. నా చెయ్యి పట్టుకోలేదు. నా మొహం వైపు చూసి, "ప్రియమైన తాతయ్యా, దయచేసి మూత తియ్యి" అన్నాడు.

సంఘంలో సాక్ష్యం చెప్పినప్పుడు ఇలాగే చెప్పాను. అక్కడ చెల్లింది. మీరు డబ్బు పెట్టి పత్రిక కొన్నారు కాబట్టి అసలు సంగతి: ప్రియమైన లేదు, దయచేసి లేదు, తాతయ్య కూడా లేదు. "తియ్యి" అన్నాడు. అంతే. కానీ చూశాడు. ఫ్యానుకు కాదు, నాకు చెప్పాడు. ఆ మూత ఎంత గట్టిగా బిగించానంటే తీయడానికి నాకే సాయం కావలసివచ్చింది. తీసి బిస్కెట్టు ఇచ్చాను. వాడు దాన్ని నా ఒళ్లో పెట్టి, మూత పట్టుకుని ఆటకు పోయాడు. తొలి పంట దేవుడి బల్ల దగ్గర పెట్టడం మా ఆచారం కదా, నోరు తెరిచి అడిగి తెచ్చుకున్న మొదటి బిస్కెట్టును ఈ పిల్లవాడు తాతకు అర్పించాడని, ఆ బిస్కెట్టును కళ్లనీళ్లతో తిన్నాను. ఆ ఆదివారం సంఘంలో అది చెప్తే ఆడవాళ్లంతా పమిటలతో కళ్లొత్తుకున్నారు.

ఆ 'తియ్యి' తరువాత 'ఇయ్యి' వచ్చింది, 'వద్దు' వచ్చింది. 'వద్దు' వచ్చాక ఇంట్లో మా ఎవరి ఆటలూ సాగలేదు. శారద గారు మాత్రం దాన్ని అన్నిటికంటే గొప్పగా మెచ్చుకుంది. ఒక ఏడు ఆలస్యంగానైనా స్కూలు వాళ్లు తీసుకున్నారు.

ఇప్పుడు తొంభైలు ముగిసిపోతున్నాయి. బెన్నీకి మీసాలు వస్తున్నాయి. చదువు నెమ్మది. ఎక్కువ మంది ఉన్నచోట చెవులు మూసుకుంటాడు. చిన్న చిన్న మాటలతోనే మాట్లాడతాడు, కానీ అవన్నీ వాడివే. సాయంత్రాలు మా వీధి చివర సైకిలు షాపులో ఉంటాడు. చక్రాన్ని గాలిలో తిప్పి, తదేకంగా చూసి, ఆపి, ఓనరు భుజం తట్టి, "బాబాయ్, ఇక్కడ వంకర. చూడు" అంటాడు. ఆ 'చూడు' కోసం ఎన్నేళ్లు పట్టిందో ఆ బాబాయికి తెలియదు. సలోమి రేపల్లె నుంచి వచ్చినప్పుడల్లా వాడికి కబుర్లన్నీ చెప్తుంది. దాని మాటలకు ఇప్పుడు అడ్డూ ఆపూ లేవు. వాడు మధ్యలో "చాలు" అంటాడు, అది ఆగుతుంది. మా కుటుంబంలో దాన్ని ఆపగలిగింది వాడొక్కడే.

పోయిన వానాకాలంలో ఒకరోజు నా కుర్చీ దగ్గరకొచ్చి నిలబడ్డాడు. "తాతయ్యా, కుడి చెవి. నొప్పి" అన్నాడు. ఆరోజే తెనాలి తీసుకెళ్లాం. "మొదట్లోనే పట్టుకున్నారు, చుక్కలు చాలు" అన్నారు డాక్టరు గారు. నేను గ్రేసు వైపు చూశాను. ఆవిడ కిటికీ వైపు తిరిగిపోయింది.

ఇలాంటి పిల్లలున్నవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. పిల్లవాడికి ఏం కావాలో మీకు తెలిసిపోయినా సరే, తెలియనట్టు కాసేపు ఆగండి. నోట్లో మాట పెట్టకండి, చేతిలో వస్తువు పెట్టకండి. వాడు మీవైపు తిరగడానికి చోటివ్వండి.

ఇదంతా రాసి, నిన్న సాయంత్రం వరండాలో అందరికీ పైకి చదివాను. సూర్యలంక దగ్గర గ్రేసు, "పోనీలెండి, ఇన్నాళ్లకు ఒప్పుకున్నారు" అంది. గరిటె సంగతి తీసెయ్యమని సుగుణమ్మ పట్టుబట్టింది. బెన్నీ మెట్ల మీద కూర్చుని సైకిలు బెల్లు మూత తుడుచుకుంటున్నాడు, వింటున్నాడని నేననుకోలేదు. తొలి పంట దగ్గరకు రాగానే లేచి వచ్చి, కాగితం మీద చెయ్యి పెట్టాడు.

"తప్పు."

"ఏది తప్పురా?"

"బిస్కెట్టు కాదు. నాకు మూత కావాలి. అందుకే తియ్యి అన్నా."

గ్రేసు చేస్తున్న పని ఆపింది. నేను ఆ పేరా మళ్లీ చూసుకున్నాను. "మరి బిస్కెట్టు నా ఒళ్లో ఎందుకు పెట్టావురా, నాన్నా?"

వాడు నా కళ్లలోకి చూసి, చిన్నపిల్లలకు చెప్పినట్టు నిదానంగా చెప్పాడు.

"నాకు వద్దు. నువ్వు ఎప్పుడూ బిస్కెట్టే ఇస్తావు. సీసాలో పెట్టెయ్యమని ఇచ్చా. నువ్వు తినేశావు."